ఒకటే మెడ

ఏకగ్రీవం అనే మాటలో గ్రీవం అంటే మెడ. అందరిదీ ఒకటే మెడ, ఒకటే గొంతు అని అర్థం. మూడు వేల మంది ఓటర్లున్న ఊళ్లో మూడు వేల మెడలుంటాయి గదా. మిగతా రెండు వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది ఏమైనట్టు? పంచాయతీ ఎన్నికలు వచ్చినప్పుడల్లా నాకు ఇదే ప్రశ్న.

2025 డిసెంబర్‌లో తెలంగాణలో మూడు విడతలుగా సర్పంచ్ ఎన్నికలు జరిగాయి. పోలింగ్ ఇంకా మొదలవకముందే నా ఫోన్ నిండా వాట్సాప్ స్టేటస్‌లు. "మా ఊరు ఏకగ్రీవం. గర్వంగా ఉంది." పెట్టిన వాళ్లలో చాలామంది ఆ ఊళ్లో ఉండరు. హైదరాబాద్‌లో, బెంగళూరులో, డాలస్‌లో ఉంటారు. నాలాంటి వాళ్లే. ఆఫీసులో ఒక్క కామెంట్ కూడా లేకుండా అప్రూవ్ అయిన కోడ్‌ని చూస్తే "అసలెవరైనా చదివారా దీన్ని?" అని అనుమానపడే వాళ్లే. ఊరి విషయానికొచ్చేసరికి మాత్రం ఎవరూ ఏమీ అనకపోవడమే గొప్పదనం అయిపోయింది.

నేను చెప్పదలుచుకున్నది సూటిగా ముందే చెప్పేస్తాను. ఏకగ్రీవం ఊరి ఐక్యతకు గుర్తు కాదు. ఆ ఊళ్లో ఎవరు ఎవరికి "కాదు" అని చెప్పలేరో దానికి గుర్తు. దానికి ప్రభుత్వాలు డబ్బు బహుమతిగా ఇవ్వడం తప్పు. మనం దూరం నుంచి చప్పట్లు కొట్టడం అంతకన్నా తప్పు.

మాది వైరా. 2018లో మున్సిపాలిటీ అయింది కాబట్టి మాకిప్పుడు సర్పంచ్ లేరు, కౌన్సిలర్లు, ఛైర్మన్ వచ్చారు. చుట్టూ ఉన్న పల్లెల్లో మాత్రం సర్పంచ్ ఎన్నికే అసలు ఎన్నిక. ఎమ్మెల్యే ఎన్నికల్లో మనిషి పార్టీకి ఓటేస్తాడు. ఎంపీ ఎన్నికల్లో టీవీకి ఓటేస్తాడు. సర్పంచ్ ఎన్నికల్లో మాత్రం బాబాయికో, బాబాయి పడని వాడికో ఓటేస్తాడు. చట్టప్రకారం ఈ ఎన్నికలకు పార్టీ గుర్తులుండవు. పార్టీ లేని చోట మిగిలేది చుట్టరికం, కులం, అప్పు, కౌలు, స్నేహం, పగ.

వీటన్నిటినీ గీతలుగా గీస్తే ఊరు ఒక గ్రాఫ్ అవుతుంది. ఇంటికొక చుక్క. ఎవరి పిల్లను ఎవరికిచ్చారు, ఎవరి పొలం ఎవరు కౌలుకు చేస్తున్నారు, పురుగుమందుల షాపులో ఎవరి ఖాతా ఎంత పెరిగింది, ఖమ్మం మార్కెట్‌కి మిర్చి తీసుకుపోతే ఏ కమీషన్‌దారు దగ్గర దించాలి, పంట రాకముందే అతను ఎంత పెట్టుబడి ఇచ్చాడు. ఇవన్నీ గీతలు. కొన్ని చుక్కల దగ్గర రెండు మూడు గీతలుంటాయి, ఒకటి రెండు చుక్కల దగ్గర యాభై అరవై గుమిగూడతాయి. ఊళ్లో పెద్దమనిషి అంటే ఆ చుక్కే. ఆయన మంచివాడా చెడ్డవాడా అన్నది వేరే సంగతి. నూటికి తొంభై మంది రేపు ఆయన ఇంటి గడప తొక్కాల్సిన అవసరం ఉందన్నదే ఇక్కడ సంగతి.

ఇప్పుడు ఏకగ్రీవం ఎలా తయారవుతుందో చూడండి. నామినేషన్లు వేసే రోజు నలుగురు వేస్తారు. ఉపసంహరణ గడువు దగ్గర పడుతుంది. ఆ మధ్యలో ఉన్న రోజుల్లోనే అంతా జరుగుతుంది. ఒకాయన్ని మేనమామ పిలిచి మాట్లాడతాడు. ఇంకొకాయనతో కౌలు భూమి యజమాని "వచ్చే ఏడు సంగతి చూద్దాంలే" అంటాడు. మూడో ఆయనకి ఉపసర్పంచ్ ఇస్తామంటారు. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్ సంతకం కూడా ఉండాలి కాబట్టి అది చిన్న ఎర కాదు. ఎక్కడా బెదిరింపు లేదు. ఎవరూ ఎవరినీ కొట్టలేదు. అందరూ మర్యాదగానే మాట్లాడారు. గడువు ముగిసేసరికి ఒక్కడే మిగిలాడు. మరునాడు పూలదండలు.

ఇందులో జరిగింది అంగీకారం కాదు, లెక్క. నిలబడితే ఎన్ని గీతలు తెగుతాయో ప్రతి ఒక్కడూ వేసుకున్న లెక్క. తక్కువ గీతలున్నవాడికి ఒక్కటి తెగినా బతుకు కష్టం. అందుకే వాడు ముందు తప్పుకుంటాడు.

రహస్య ఓటు గొప్పతనం ఇక్కడే తెలుస్తుంది. ఊళ్లో మనిషి ఏం తిన్నాడు, ఎవరింటికి పోయాడు, ఎవరితో మాట్లాడటం మానేశాడు, అన్నీ అందరికీ తెలుసు. అలాంటి ఊళ్లో అయిదేళ్లకోసారి, ఆ అట్టపెట్టె చాటున నిలబడి ముద్ర వేసే అర నిమిషం మాత్రం ఎవరికీ కనపడదు. ఆ అర నిమిషం కౌలుదారుకి యజమాని లేడు, కోడలికి అత్త లేదు, అప్పున్నవాడికి షాపాయన లేడు. గీతలన్నీ తెగిపోయి చుక్క ఒక్కటే మిగిలే క్షణం అది. ఏకగ్రీవం చేసేది ఆ అర నిమిషాన్ని రద్దు చేయడం. అదొక్కటే చేస్తుంది. మిగతావన్నీ, అంటే కులం, అప్పు, చుట్టరికం, ఎప్పట్లాగే ఉంటాయి.

దీనికి ప్రభుత్వాలిచ్చే ధర కూడా తెలుసుకోవాలి. గుజరాత్‌లో 2001లో "సమరస్" పేరుతో ఏకగ్రీవ పంచాయతీలకు నగదు ప్రోత్సాహం మొదలైంది. తెలంగాణలో 2019 ఎన్నికలప్పుడు ఏకగ్రీవమైన పంచాయతీకి 10 లక్షలు ఇస్తామని ప్రకటించారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఎన్నికలకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల వరకు ప్రకటించారు. మూడు రాష్ట్రాలు, మూడు పార్టీలు, మాట ఒక్కటే. ఊరికి రావాల్సిన డ్రైనేజీ డబ్బుల్ని, ఓటు వేయకుండా ఉన్నందుకు బహుమతిగా మార్చడం. సర్కారే ఒక రేటు పెట్టాక, ఊరు తన రేటు పెట్టదా? గుడికి ఎవరు ఎక్కువ ఇస్తే వారికే సర్పంచ్ పదవి అని వేలం వేసిన వార్తలు ప్రతి ఎన్నికల్లోనూ చదువుతున్నాం. వేలం నేరం అంటాం, ఏకగ్రీవం ఆదర్శం అంటాం. రెంటిలోనూ నామినేషన్ పత్రాలు ఒకేలా కనిపిస్తాయి.

*

మనవాళ్లలో ఇంగ్లీషు పుస్తకాలు చదివేవాళ్లకి ఇంకో మోజు ఉంది. న్యూ ఇంగ్లాండ్ టౌన్ మీటింగ్. అమెరికా పుట్టకముందే మాసచూసెట్స్‌లో ఊరి జనం ఒక చోట కూచుని, చేతులెత్తి, తమ పెద్దల్ని తామే ఎన్నుకునేవారని, ప్రజాస్వామ్యానికి అది బంగారు మూస అని. మన గ్రామ స్వరాజ్యం కూడా అలా ఉండాలని.

చరిత్రకారుడు మైకేల్ జుకర్‌మాన్ 1970లో "పీసబుల్ కింగ్‌డమ్స్" అనే పుస్తకంలో ఈ బొమ్మని తిరగేశాడు. పద్దెనిమిదో శతాబ్దపు ఆ ఊళ్లకి పోలీసు బలం లేదు. అందరూ ఒప్పుకుంటేనే ఏ నిర్ణయమైనా అమలయ్యేది. కాబట్టి టౌన్ మీటింగ్ పని భిన్నాభిప్రాయాన్ని లెక్కపెట్టడం కాదు, అది లేకుండా చేయడం అంటాడు. ఊరికి సరిపడని వాళ్లని, కొత్తగా వచ్చిన పేదల్ని "మీరు ఈ ఊరివాళ్లు కారు" అని నోటీసిచ్చి పంపే ఆచారం కూడా ఆ ఊళ్లలో ఉండేది. తర్వాతి చరిత్రకారులు ఈ వాదనతో చాలా చోట్ల విభేదించారు. కానీ ఆయన వేసిన ప్రశ్న మాత్రం మన పల్లెలకి అచ్చంగా అతుకుతుంది. ఊరు ఒక్కమాట మీద ఉందంటే, ఆ మాట ఒప్పుకోని వాళ్లు ఎక్కడికి పోయారు?

సేలం విలేజ్ కథ ఇంకా చేదుగా ఉంటుంది. మంత్రగత్తెలన్న నెపంతో 1692లో పందొమ్మిది మంది ఉరికి దారితీసిన ఆరోపణలు మొదలైన ఊరు. బోయర్, నిస్సెన్‌బామ్ అనే ఇద్దరు చరిత్రకారులు 1974లో ఆ ఊరి పాత కాగితాలు తిరగేసి, పాస్టర్ శామ్యూల్ పారిస్‌ని సమర్థిస్తూ సంతకం చేసిందెవరు, వ్యతిరేకంగా చేసిందెవరు, వాళ్లలో ఎవరికి ఎవరు చుట్టాలు అని గీతలు గీశారు. ఆ గొడవలు మొదలవడానికి కొన్ని నెలల ముందు, 1691 అక్టోబర్‌లో, ఊరి కమిటీకి ఎన్నిక జరిగింది. పుట్నమ్ కుటుంబం వాళ్ల పట్టు పోయి, పాస్టర్‌ని వ్యతిరేకించే అయిదుగురు గెలిచారు. పాస్టర్ జీతం కోసం పన్ను వసూలు చేయబోమన్నారు. ఆ అయిదుగురిలో ఫ్రాన్సిస్ నర్స్ ఒకడు. మరుసటి జూలైలో అతని భార్య రెబెకా నర్స్‌ని ఉరితీశారు. డేనియల్ ఆండ్రూ ఇంకొకడు. అతని మీద కూడా ఆరోపణ వస్తే ఊరొదిలి పారిపోయాడు. ఆ పరిశోధకులు గీసిన మ్యాప్‌లో లోపాలున్నాయని బెంజమిన్ రే తర్వాత చూపించాడు. మ్యాప్ తప్పినా, ఎన్నిక తేదీ, నర్స్ పేరు, ఉరి తేదీ తప్పవు.

దీన్ని చూపించి "చూశారా, ఎన్నికలు ఊరిని చీలుస్తాయి, ప్రాణాల మీదికి తెస్తాయి" అని ఎవరైనా అనొచ్చు. నేను ఉల్టా చదువుతాను. ఆ చీలిక ఎన్నికతో పుట్టలేదు, ఏళ్ల తరబడి ఊళ్లో ఉన్నదే. ఎన్నిక దాన్ని ఒక లెక్కగా, ఒక కమిటీగా, ఒక పన్ను తగాదాగా బయటపెట్టింది. పన్ను తగాదాకి పరిష్కారం ఉంటుంది. ఓడినవాడు మళ్లీ నిలబడొచ్చు. ఓటమిని ఓటమిగా తీసుకోకుండా దయ్యం పనిగా చూసినప్పుడే ఉరితాళ్లు వచ్చాయి. చేతబడి చేశాడని మనిషిని కొట్టి చంపిన వార్తలు మన దగ్గరా వస్తూనే ఉన్నాయి. పాత పగకి మాట్లాడుకునే చోటు లేకపోతే అది అలాంటి పేరే పెట్టుకుంటుంది.

చుట్టరికం పదవిని మింగేస్తుందన్న సంగతి మనకి కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. కాంచీపురం దగ్గర ఉత్తరమేరూరు శాసనాలు పదో శతాబ్దం మొదట్లో, పరాంతక చోళుడి కాలంలో వేసినవి. ముప్పై వార్డులు, కుండలో పేర్లు రాసిన ఆకులు వేసి చీటీ తీయడం. అందరికీ తెలిసిన భాగం ఇది. అందులో నాకు ముఖ్యంగా తోచేది వేరే. కమిటీలో ఉండి లెక్కలు అప్పజెప్పని వాడు మళ్లీ పనికిరాడు. వాడే కాదు, వాడి పిన్ని కొడుకులు, మేనత్త కొడుకులు, మేనమామ, మామగారు, అల్లుడు ఇలా వరసగా చుట్టాలంతా పనికిరారు. గత మూడేళ్లలో పదవి చేసినవాడూ పనికిరాడు. అది భూములున్న బ్రాహ్మణుల సభ, ఊరందరిదీ కాదు. దాన్ని ప్రజాస్వామ్యం అని పొగడాల్సిన పని లేదు. కానీ వెయ్యేళ్ల కింద రాయి చెక్కినవాడికి తెలిసింది, 10 లక్షల నజరానా ప్రకటించిన వాళ్లకి తెలియలేదంటే నమ్మబుద్ధి కాదు.

*

ఇప్పుడు రిజర్వేషన్ల దగ్గరికి రావాలి. అసలు కథంతా అక్కడే ఉంది.

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకొచ్చింది. ఎస్సీ, ఎస్టీలకు జనాభా ప్రకారం, స్త్రీలకు కనీసం మూడో వంతు పదవులు. మన దగ్గర స్త్రీలకు సగం. అటు భద్రాచలం వైపు షెడ్యూల్డ్ ప్రాంతంలో సర్పంచ్ పదవి ఆదివాసీలకే. అంటే అరవై గీతలున్న పెద్దమనిషి చుక్క చాలాసార్లు నిలబడటానికే అర్హత లేనిది అయిపోయింది. మరి ఆయన ఏం చేయాలి? తనకి "కాదు" అని చెప్పలేని వాళ్లలో ఒకర్ని నిలబెట్టాలి, మిగతావాళ్లని తప్పించాలి. ఏకగ్రీవం ఆయనకి అప్పుడు కావాలి. పోటీ జరిగితే, రిజర్వుడు సీట్లో అదే కులం నుంచి ఇంకొకరు నిలబడతారు, వాళ్లు ఆయన మనిషి కాకపోవచ్చు.

తమిళనాడులో ఇది మొరటుగా జరిగింది. మదురై వైపు పాప్పాపట్టి, కీరిపట్టి, నాట్టార్‌మంగళం పంచాయతీలను దళితులకు రిజర్వ్ చేసినందుకు 1996 నుంచి 2006 దాకా సరైన ఎన్నికే జరగనివ్వలేదు. మేలవళవులో పంచాయతీ అధ్యక్షుడిగా గెలిచిన మురుగేశన్ అనే దళితుణ్ణి 1997లో నరికి చంపారు. మన దగ్గర అంత మొరటుతనం అక్కర్లేదు. దండ వేసి, ఫ్లెక్సీ కట్టి, చెక్‌బుక్ తన దగ్గర పెట్టుకుంటే సరిపోతుంది. ఆ ఫ్లెక్సీలో మహిళా సర్పంచ్ ఫొటో కన్నా భర్త ఫొటో పెద్దదిగా ఉండటం మనందరం చూసిందే.

"అయితే పోటీ పెట్టి మాత్రం ఏం లాభం, అక్కడా భర్తే గదా" అంటారు. కాదు, తేడా ఉంది. పశ్చిమ బెంగాల్, రాజస్థాన్‌లలో ఛటోపాధ్యాయ, డుఫ్లో చేసి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, స్త్రీలకు రిజర్వ్ అయిన పంచాయతీల్లో తాగునీటి మీద ఎక్కువ ఖర్చు జరిగిందని తేలింది. పోటీలో గెలిచిన మనిషికి ఇంకో బలం కూడా ఉంటుంది. తనకి ఎన్ని ఓట్లొచ్చాయో ఆమెకి తెలుసు. "నన్ను ఊరు గెలిపించింది" అనే మాట ఆమె నోటి నుంచి రాగలదు. ఏకగ్రీవంగా కూచున్న మనిషికి ఆ మాట లేదు. ఆమెని కూచోబెట్టింది ఎవరో ఆమెకీ తెలుసు, ఊరికీ తెలుసు.

ఖర్చు మాటేమిటి అని ఎలాగూ అడుగుతారు. అయిదు వేల జనాభా దాటిన ఊళ్లో సర్పంచ్ అభ్యర్థి ఖర్చు పరిమితి రెండున్నర లక్షలు, అంతకు తక్కువైతే లక్షన్నర. నిజంగా ఎంతవుతుందో, మందు ఎన్ని రాత్రులు పారుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అన్నదమ్ములు మాట్లాడుకోకుండా పోయిన ఇళ్లు కూడా తెలుసు. ఇది చిన్న నష్టం అనను. కానీ డబ్బు పంచడం నేరం, దానికి మందు కేసులు పెట్టడం. పోటీయే తీసేయడం అంటే దొంగలు పడుతున్నారని ఊళ్లో తలుపులే లేకుండా చేయడం లాంటిది. ఏకగ్రీవంలో డబ్బు లేదని ఎవరన్నారు? మూడు వేల మందికి పంచాల్సింది ముగ్గురికి పంచితే సరిపోతుంది, అంతే.

ఇంకో మాట. పోటీ లేకపోతే జనం తలుచుకుని మాత్రం చేసేదేముంది అంటే, ఉంది. మహారాష్ట్ర, హర్యానా రాష్ట్ర ఎన్నికల సంఘాలు 2018లోనే స్థానిక ఎన్నికల్లో నోటాని ఒక ఊహా అభ్యర్థిగా లెక్కించాలని నిర్ణయించాయి. మన పంచాయతీ బ్యాలెట్ మీద కూడా నోటా ఉంది. ఒక్కడే అభ్యర్థి మిగిలినా పోలింగ్ పెట్టండి, అతనికీ నోటాకీ మధ్య. నిజంగా ఊరంతా ఒక్కటైతే నూటికి తొంభై ఓట్లు వస్తాయి గదా. అప్పుడు నేనూ స్టేటస్ పెడతాను.

*

మన కథలకీ ఇందులో పాలుంది. దాశరథి రంగాచార్య "చిల్లర దేవుళ్లు"లో నిజాం కాలపు ఊళ్లో దొర, కరణం పెత్తనం ఎలా నడిచేదో చూపించాడు. ఆ పదవులు వంశపారంపర్యం. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం పటేల్, పట్వారీ, కరణం, మునసబు వ్యవస్థని రద్దు చేసింది. అప్పటి నుంచి పల్లె పదవి ఓటుతో వచ్చేదే. ఆ తర్వాత మనం రాసుకున్న పల్లె కథల్లో ఎన్నిక ఎలా వస్తుంది? ముందు ఊరు పచ్చగా, కలిసిమెలిసి ఉంటుంది. తర్వాత ఎన్నికలొస్తాయి. సారా, డబ్బు, చీలిక. చివర్లో ఒక ముసలాయన నిట్టూరుస్తాడు. ఎన్నికకి ముందున్న ఆ కలిసిమెలిసి ఉండటంలో ఎవరు ఎక్కడ కూచునేవారు, ఎవరు నిలబడేవారు అని ఆ కథ అడగదు. ఆ నిట్టూర్పుకి ప్రభుత్వం పెట్టిన పేరే ఏకగ్రీవ ప్రోత్సాహకం.

న్యూ ఇంగ్లాండ్ నుంచి తెచ్చుకోవాల్సింది ఏకాభిప్రాయం కాదు, చిన్న పదవులు. ఆ ఊళ్లలో సెలెక్ట్‌మెన్ అనే పెద్దలతో పాటు కంచెలు చూసేవాడు, రోడ్లు చూసేవాడు, తప్పిపోయిన పశువుల దొడ్డి చూసేవాడు, పందుల్ని అదుపులో పెట్టేవాడు, ఇలా పదుల సంఖ్యలో ఉండేవారు. ప్రతి ఏడూ మార్చేవారు. కొత్తగా పెళ్లయిన వాణ్ణి పందుల పదవికి ఎన్నుకోవడం వేళాకోళంగా కూడా ఉండేది. కాంకర్డ్‌లో కాపురం పెట్టిన ఎమర్సన్‌కి కూడా ఆ పదవి తప్పలేదు. వేళాకోళమైనా, పదవి అంటే ఒక్కడి చేతిలో ఉండే వస్తువు కాదు, తన వంతు వచ్చినప్పుడు చేసే పని అని ఊరికి అలవాటయ్యేది. మన 2018 చట్టంలో కూడా పారిశుద్ధ్యం, వీధి దీపాలు, మొక్కల పెంపకం, పనుల మీద స్థాయీ సంఘాలు రాసి ఉన్నాయి. రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలని ఉంది. మీ ఊళ్లో వీధి దీపాల కమిటీలో ఎవరున్నారో మీకు తెలుసా? మీ నాన్నని అడగండి, ఆయనకి తెలుసా?

2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబర్ దాకా, దాదాపు 22 నెలలు, తెలంగాణ పల్లెలకి ఎన్నికైన సర్పంచే లేరు. ప్రత్యేకాధికారులు నడిపారు. అయిదేళ్లు నిండేలోపు ఎన్నిక జరగాలని రాజ్యాంగంలో ఉంది. దాని మీద మన స్టేటస్‌లు ఎన్ని? మొదట ఎన్నికే లేదు, వచ్చాక కొన్ని వందల ఊళ్లలో పోటీ లేదు, రెండింటికీ మనకేం ఇబ్బంది కలగలేదు. ఎందుకంటే ఆ ఊళ్లో గీతల బరువు మన మీద లేదు. ఒకరి దగ్గర కౌలు చేయం, ఒకరి దగ్గర పురుగుమందు ఉద్దెర తేం. ఆ మాటకొస్తే ఊళ్లో ఎవరికైనా "కాదు" అని చెప్పగలిగే స్థితిలో ఉన్నది మనమే. చెప్పనిది కూడా మనమే.

ఓటు ఇంకా ఊళ్లోనే ఉన్నవాళ్లకి ఒక పని ఉంది. పండక్కి పోయినప్పుడు గ్రామసభ ఎప్పుడో కనుక్కోండి. వెళ్లి, పోయిన ఏడాది పద్దు చదివి వినిపించమని అడగండి. ఒక్కరు అడిగితే చాలు, రెండో మెడ లేస్తుంది.